ఆయనకి ఇష్టం లేదట

ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని డర్హం పట్టణం ఎలా పుట్టిందో చెప్పే కథ ఇద్దరు ఆడవాళ్ళ చుట్టూ, ఒక ఆవు చుట్టూ తిరుగుతుంది. అది 995వ సంవత్సరం. సెయింట్ కత్‌బర్ట్ భౌతికకాయం ఉన్న శవపేటికని మోసుకుంటూ ఒక మతబృందం ఊరూరా తిరుగుతోంది. వైకింగుల దాడులకి భయపడి 875లో లిండిస్‌ఫార్న్ దీవిని వదిలిపెట్టినవాళ్ళ వారసులు వాళ్ళు. ఒకచోట శవపేటిక ఎంతమంది లాగినా కదలలేదు. మూడు రోజులు ఉపవాసాలుండి ప్రార్థిస్తే, డన్‌హోంకి తీసుకెళ్ళమని ఒక సన్యాసికి కలలో తెలిసింది. ఆ డన్‌హోం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అప్పుడే దారిన పోతున్న ఒకామె ఇంకొకామెని అడిగింది, తప్పిపోయిన నా ఆవుని ఎక్కడైనా చూశావా అని. డన్‌హోం దగ్గర చూశానంది రెండో ఆమె. ఆవు కోసం వెళ్తున్న ఆమె వెనకాలే శవపేటికతో సహా అందరూ నడిచారు. వేర్ నది మూడువైపులా చుట్టుకున్న కొండ మీదకి అలా చేరారు.

ఈ కథలో నిజమెంతో మనకి అనవసరం. ఆ ఊరు దాన్ని నమ్మింది, రాతిలో చెక్కించి కెథడ్రల్ ఉత్తరపు గోడకి పెట్టుకుంది. ఆవూ, ఆ స్త్రీలూ ఇప్పటికీ అక్కడ ఉన్నారు. అయితే వాళ్ళున్నది గోడకి బయటివైపు. లోపల, నేల మీద, ఒక స్తంభం నుంచి ఎదుటి స్తంభం దాకా నల్లటి పాలరాతి గీత ఒకటి ఉంది. గీత మధ్యలో శిలువ గుర్తు. శతాబ్దాలపాటు ఆడవాళ్ళు ఆ గీత దాటి ముందుకి వెళ్ళకూడదు. దారి చూపించిన ఆడవాళ్ళ జాతికే ఆ దారి చివర నిషేధం.

నేను ఆ గీతని చూసింది ఒక జూన్ నెలలో. మా అమ్మాయి న్యూకాజిల్‌లో ఉంటుంది. అక్కడినుంచి డర్హంకి రైల్లో పావుగంట ప్రయాణం. నాతో మా వియ్యపురాలు ఉన్నారు. పిల్లలు ఆఫీసులకి పోయాక ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవడం ఎందుకని పులిహోర కట్టుకుని బయలుదేరాం. రైలు డర్హం స్టేషను చేరుతుంది. కిటికీలోంచి ఊరంతా కింద, కెథడ్రల్ పైన కనిపిస్తాయి. ఫ్రామ్‌వెల్‌గేట్ వంతెన దాటి, రాళ్ళు పరిచిన ఇరుకు వీధుల్లో ఎత్తెక్కి, మోకాళ్ళు పట్టుకుని ఆగుతూ పైకి చేరాం. 1093లో పునాది వేసి 1133 నాటికల్లా ముఖ్యభాగం పూర్తిచేశారట. లోపల స్తంభాలు చూస్తే మన వేయిస్తంభాల గుడి గుర్తొచ్చిందని వదినగారు అన్నారు. అక్కడివి అంతకంటే ఎన్నో రెట్లు లావు. ఒక్కొక్క దానిమీద ఒక్కో రకం గీతలు లోతుగా చెక్కి ఉన్నాయి.

సందర్శకులకి వివరాలు చెప్పే పెద్దావిడ ఒకరు మా దగ్గరికొచ్చి కిందున్న గీత చూపించారు. పాతకాలంలో ఆడవాళ్ళు ఇక్కడే ఆగిపోవాలి, సెయింట్ కత్‌బర్ట్‌కి ఆడవాళ్ళంటే గిట్టదని సన్యాసులు నమ్మేవాళ్ళు, అని నవ్వుతూ చెప్పి, ఇప్పుడు మీరు హాయిగా వెళ్ళొచ్చు అన్నారు. నేను వదినగారికి తెలుగులో చెప్పాను. చెబుతూనే గీత దాటాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ అక్కడే నిలబడి ఉన్నారు.

"ఇప్పుడెవరూ ఆపడం లేదు, రండి వదినగారూ."

"ఆపడం లేదు నిజమే. కానీ ఆయనకి ఇష్టం లేదట కదా. మీరు చూసి రండి. నేనిక్కడ కూర్చుంటాను."

ఆవిడ క్రైస్తవురాలు కాదు. ఆ ముందు నిమిషం దాకా కత్‌బర్ట్ పేరే వినలేదు. ఆయన పోయి పదమూడు వందల ఏళ్ళు దాటింది. ఆయన పేరున నిషేధం పెట్టినవాళ్ళు పోయి కూడా ఐదు వందల ఏళ్ళు కావస్తోంది. అయినా ఆ గీత ఆవిడ కాళ్ళని ఆపగలిగింది. దానికి కాపలావాళ్ళు అక్కర్లేదు. ఎవరి దేవుడైనా దేవుడే, ఎవరి సాధువైనా సాధువే, ఆయనకి ఇష్టం లేనిది మనమెందుకు చేయాలి అనే మర్యాద చాలు. ఆ మర్యాద మంచి గుణమే. మనల్ని ఆపడానికి ఎప్పుడూ మన మంచి గుణాలనే వాడుకున్నారు కాబట్టే ఆలోచించాల్సి వస్తోంది.

నన్ను పట్టుకున్నది ఆవిడ మాట చివరి అక్షరం. తెలుగులో 'ట' చాలా చిత్రమైన అక్షరం. చెప్పేవాడు చూడలేదని, ఎవరో చెప్పగా విన్నానని ఒప్పుకుంటుంది. 'వర్షం పడిందట' అన్నప్పుడు మనం అబద్ధమాడటం లేదు, నిజమని పూచీ కూడా ఇవ్వడం లేదు. కానీ అదే అక్షరం ఆడవాళ్ళ విషయంలో తీర్పు అయిపోతుంది. 'ఆ రోజుల్లో తులసికోట దగ్గరికి వెళ్ళకూడదట.' 'ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదట.' ఎవరన్నారు? ఎప్పుడన్నారు? 'ట'కి జవాబు ఉండదు. చెప్పినవాడి పూచీ తీసేయడానికి పుట్టిన అక్షరం, విన్నవాళ్ళ మీద మాత్రం పూర్తి బరువు పెడుతుంది. ఒకరి ఇష్టాయిష్టాలని, మాట్లాడలేని ఇంకొకరి నోట పెట్టి మనకి వినిపించడం నీతి దృష్టితో ఎలాంటి పని? ఈ వ్యాసంలో నేను అడుగుతున్న ప్రశ్న ఇదే.

డర్హంలో ఆ 'ట' ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి వీలుంది, ఎందుకంటే అక్కడి సన్యాసులు రాసిపెట్టే అలవాటున్నవాళ్ళు. సిమియన్ అనే సన్యాసి 12వ శతాబ్దం తొలినాళ్ళలో ఆ చర్చి చరిత్ర రాశాడు. అందులో వరసగా ఆడవాళ్ళకి జరిగిన శిక్షల కథలున్నాయి. సుంగియోవా అనే ఆమె ఒక రాత్రి విందు నుంచి భర్తతో ఇంటికి వస్తూ, దారంతా బురదగుంటలుగా ఉంటే చర్చి ఆవరణలోంచి అడ్డదారిన నడిచింది. ఆమెకి మతి చలించింది, ఆ రాత్రే చనిపోయింది. నార్తంబ్రియా పాలకుడు టోస్టిగ్ భార్య జూడిత్‌కి సమాధి దగ్గర ప్రార్థన చేయాలని కోరిక. తాను వెళ్ళేముందు ఏం జరుగుతుందో చూద్దామని పనిపిల్లని పంపింది. ఆ పిల్ల ఆవరణలో కాలు పెట్టగానే పెనుగాలి విసిరికొట్టింది. ఇంటికి పాక్కుంటూ వచ్చి, మంచం పట్టి పోయింది. భయపడిన జూడిత్ శిలువనీ, మేరీ, జాన్‌ల ప్రతిమలనీ చేయించి చర్చికి సమర్పించింది.

ఈ కథని నేను రెండుసార్లు చదివాను. నేరమేమిటంటే బురద తొక్కకుండా ఇంటికి పోవాలనుకోవడం. యజమానురాలి కోరికకి ప్రాణం పోయింది పనిపిల్లది. ఆ పిల్లకి సిమియన్ పేరు కూడా పెట్టలేదు. ప్రతిమలు మాత్రం చర్చికి చేరాయి. ఆడవాళ్ళ అడుగు గిట్టని చర్చికి ఆడవాళ్ళ బంగారం గిట్టింది.

నిషేధం కథలతోనే ఆగలేదు. 1333లో మూడో ఎడ్వర్డ్ రాజు, ఫిలిప్పా రాణి అక్కడ బస చేశారు. రాణి మఠం గదుల్లో భర్త పక్కన పడుకుందని తెలిసి సన్యాసులు కంగారుపడితే, ఆమె రాత్రివేళ లోదుస్తులతోనే లేచి ఎదురుగా ఉన్న కోటలోకి వెళ్ళిపోవలసి వచ్చింది. 1417లో న్యూకాజిల్ నుంచి మటిల్డా బర్గ్, మార్గరెట్ అషర్ అనే ఇద్దరు పనివాళ్ళు మగదుస్తులు వేసుకుని సమాధి చూడటానికి వెళ్ళారు, దొరికిపోయారు. అవే మగదుస్తులతో పండగరోజుల్లో తమ ఊరి చర్చిల్లో ఊరేగింపు ముందు నడవాలన్నది వాళ్ళకి పడిన శిక్ష. దేశపు రాణికీ, పాచిపని చేసే ఆడదానికీ సమానత్వం దొరికిన కొద్ది చోట్లలో అదొకటి. అయితే అవమానం మాత్రం సమానంగా పంచలేదు. రాణిది చీకట్లో జరిగింది, పనివాళ్ళది పండగపూట.

ఇంతకీ కత్‌బర్ట్ ఎలాంటివాడు? ఆయన 687లో చనిపోయాడు. ఆ తర్వాత సుమారు ముప్పై నాలుగేళ్ళకి, ఆయన్ని ఎరిగినవాళ్ళని అడిగి తెలుసుకుని బీడ్ అనే పండితుడు ఆయన జీవితచరిత్ర రాశాడు. అందులో స్త్రీద్వేషి జాడే లేదు. చిన్నప్పుడు తనని పెంచిన కెన్స్‌విత్ అనే ఆమెని కత్‌బర్ట్ అమ్మా అని పిలిచేవాడు, పెద్దయ్యాక కూడా వెళ్ళి చూసొచ్చేవాడు. కోల్డింగ్‌హాం మఠాధిపతి ఎబ్బా పిలిస్తే వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నాడు. అది స్త్రీలూ పురుషులూ ఇద్దరూ ఉండే మఠం. ఓస్వియు రాజు కూతురు, విట్బీ మఠాన్ని నడిపిన ఎల్ఫ్‌లెడ్ జబ్బుపడి నడవలేకపోతే తన నారబట్ట నడికట్టు పంపాడు. ఆమె రాజ్యవ్యవహారాలు కూడా ఆయనతో చర్చించింది. ఇక వెర్కా అనే మఠాధిపతి ఆయనకొక మంచి బట్ట ఇచ్చింది. బతికుండగా దాన్ని కట్టుకోలేదు, ఆమె మీద అభిమానంతో దాచిపెట్టి, పోయాక తన శరీరానికి దాన్నే చుట్టమన్నాడు.

అంటే ఏ శరీరం దగ్గరికి ఆడవాళ్ళు రాకూడదని గీత గీశారో, ఆ శరీరాన్ని చుట్టుకుని ఉన్నది ఒక ఆడమనిషి ఇచ్చిన బట్ట.

ఇంకో సంగతి కూడా ఉంది. 1827లో సమాధి తెరిచినప్పుడు, 10వ శతాబ్దం నాటి బంగారు జరీ కుట్టుపని వస్త్రాలు దొరికాయి. వాటిమీద అక్షరాలు కుట్టి ఉన్నాయి. ఇవి ఎల్ఫ్‌లెడ్ చేయించిందని, ఫ్రిథెస్టన్ అనే బిషప్ కోసమని. ఈ ఎల్ఫ్‌లెడ్ వేరు, ఎడ్వర్డ్ ద ఎల్డర్ రాజు భార్య. మటిల్డా, మార్గరెట్‌లని ఊరేగించిన ఏడాది కూడా ఆ పెట్టెలో, ఆయన పక్కనే, ఒక స్త్రీ పేరు బంగారు దారంతో మెరుస్తూ ఉంది.

మరి మార్పు ఎప్పుడొచ్చింది? విక్టోరియా ట్యూడర్ అనే చరిత్రకారిణి 1984లో కత్‌బర్ట్ స్త్రీద్వేషం మీద ఒక వ్యాసం రాసింది. ఆమె పరిశోధన 1083 వైపు చూపిస్తుంది. అప్పటిదాకా కత్‌బర్ట్ సమాధిని చూసుకున్నవాళ్ళు పెళ్ళాం పిల్లలున్న మతగురువులు. వాళ్ళ కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. మతగురువులు బ్రహ్మచారులుగా ఉండాలన్న సంస్కరణ రోమ్ నుంచి బలంగా వీస్తున్న కాలమది. నార్మన్ బిషప్ విలియం, వేర్‌మత్, జారో మఠాల నుంచి 23 మంది బెనెడిక్టైన్ సన్యాసులని తెచ్చి అక్కడ పెట్టాడు. పాతవాళ్ళకి చెప్పింది ఒకటే, సన్యాసం తీసుకోండి లేదా వెళ్ళిపోండి. ఒక్కరు తప్ప అందరూ వెళ్ళిపోయారు. ఆ ఇళ్ళల్లోని ఆడవాళ్ళు ఏమయ్యారో చరిత్ర రాయలేదు. ఆ తర్వాత పాతికేళ్ళు తిరక్కుండానే, కొత్తగా వచ్చిన సన్యాసుల్లోంచి సిమియన్ కథలు రాయడం మొదలుపెట్టాడు. పాత కుటుంబాల్ని పంపేయడం న్యాయమేనని చెప్పడానికి ఒక సాక్షి కావాలి. ఎదురుచెప్పలేని సాక్షి అయితే మరీ మంచిది. నాలుగు వందల ఏళ్ళ కిందట చనిపోయిన మనిషికంటే ఎదురుచెప్పలేనివాడు ఎవరుంటారు?

ఇదంతా మధ్యాహ్నం, నది ఒడ్డున బెంచీ మీద పులిహోర తింటూ వదినగారికి చెప్పాను. వెర్కా ఇచ్చిన బట్ట దగ్గర ఆవిడ తినడం ఆపారు. "ఆడమనిషి పెట్టిన బట్టలో చుట్టుకుని పడుకున్నాడా ఆయన!" అని నవ్వారు. కానీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"సరే, ఆయనకి కాదు, వీళ్ళకి ఇష్టం లేదు. అయితే మాత్రం? సన్యాసం పుచ్చుకున్నవాళ్ళు, వాళ్ళ వ్రతం వాళ్ళది. ఇదివరకు నేను మడి కట్టుకుంటే నా పిల్లల్నే దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. నా వంటింట్లో నాకో గీత ఉన్నప్పుడు వాళ్ళకి మాత్రం ఉండకూడదా?"

ఈ ప్రశ్నని నేను పక్కకి నెట్టలేను. ఆవిడ భర్త పద్ధెనిమిదేళ్ళు అయ్యప్ప మాల వేసుకున్నారు. కార్తీకం వస్తే తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చన్నీళ్ళు పోసుకుని, స్వాములందరికీ భిక్ష వండిపెట్టింది ఆవిడే. ఆ నలభై ఒక్క రోజుల్లోనూ నెలసరి వస్తే పొరుగింటి వసారాలో పడుకున్నదీ ఆవిడే. ఎవరూ బలవంతం చేయలేదని, తనకి తృప్తిగానే ఉండేదని అంటారు. 2018 సెప్టెంబరు 28న శబరిమల విషయంలో సుప్రీంకోర్టు 4:1 తీర్పు ఇచ్చినప్పుడు ఒప్పుకోనిది బెంచిలో ఉన్న ఒకే ఒక మహిళా న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా. మేం ఆగుతాం, మాకు తొందర లేదు అని చెప్పిన స్త్రీలు వేలల్లో ఉన్నారు. వాళ్ళందరికీ చైతన్యం లేదని కొట్టిపారేస్తే మనకీ సన్యాసులకీ తేడా ఏముంది? మనం కూడా వాళ్ళ నోట మన మాట పెట్టినట్టే అవుతుంది.

తమకంటూ ఒక చోటు కావాలనుకోవడం తప్పు కాదు. మన స్త్రీల సంఘాల్లో మగవాళ్ళు వద్దని ఎన్ని సమావేశాలు పెట్టుకోలేదు? ఆ గదుల్లో మాత్రమే నోరు విప్పగలిగిన ఆడవాళ్ళని మనం చూశాం. మరి తేడా ఎక్కడుంది?

నాకు తోచిన తేడా ఇది. మనం తలుపు వేసినప్పుడు మన పేరుతో వేశాం. మాకు భయంగా ఉంది, మాకిక్కడ మాట్లాడుకోవాలని ఉంది అన్నాం. ఎవరైనా వచ్చి ఇది అన్యాయం అంటే జవాబు చెప్పడానికి మనుషులున్నారు. తప్పనిపిస్తే రేపు తీసేయడానికి వీలుంది. డర్హం సన్యాసులకి కూడా తమ చోటు ఉంది. మఠం లోపలి నడవలూ, భోజనశాలా, పడకగదులూ వాళ్ళవే, వాటిలోకి వస్తామని ఆడవాళ్ళు గొడవ చేయలేదు. కానీ కత్‌బర్ట్ సమాధి వాళ్ళ పడకగది కాదు. జబ్బులు నయమవుతాయని, మొక్కులు తీరుతాయని ఆ ప్రాంతమంతా నమ్మిన చోటది. మాకు నిగ్రహం తక్కువ, మీరొస్తే మా వ్రతం చెడుతుందని వాళ్ళు అని ఉంటే అది నిజాయితీ గల మాట. దానితో వాదించవచ్చు, జాలిపడవచ్చు. నీ వ్రతానికి నా కాళ్ళెందుకు కట్టెయ్యాలి అని అడగవచ్చు. వాళ్ళు ఆ మాట అనలేదు. ఆయనకి ఇష్టం లేదు అన్నారు. తమ బలహీనతని ఆయన పవిత్రత కింద రాసుకున్నారు. నైష్ఠిక బ్రహ్మచారి అయిన దేవుడి పేరుతో మన దగ్గర వినిపించిన వాదన కూడా ఈ కోవలోదే.

సంతకం ఉన్నంతమాత్రాన ఏ గీతా న్యాయం కాదు. సొంత పేరుతో, గర్వంగా గీసే దుర్మార్గపు గీతలూ ఉంటాయి. కాకపోతే సంతకం ఉంటే న్యాయం అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. మాట్లాడని రాయి పేరో, పోయిన సాధువు పేరో పెట్టేస్తే ఎదురుగా ఎవరూ ఉండరు. అప్పుడు ఆడది ఎవరితో పోట్లాడాలి? తనతో తానే పోట్లాడాలి. పొరుగింటి వసారాలో పడుకున్న రాత్రుల్లో ఏ ఆడదైనా చేసిన పని అదే.

వదినగారి మడి మాటలో ఇంకో చిక్కు ఉంది. మడి గీత పిల్లల దగ్గర ఆగిపోలేదు. పెరటి గుమ్మం బయటే గిన్నెలు తోమిన మనిషి ఎప్పుడూ ఆ వంటింట్లోకి రాలేదు. ఆవిడ గిన్నెల మీద నీళ్ళు చల్లాకే లోపలికి తెచ్చుకునేవాళ్ళు. పిల్లల మీద గీత ఒక పూట ఉండేది, ఆమె మీద గీత జన్మంతా ఉండేది. 'దేవుడికి పనికిరాదట' అన్న మాటే రెండింటికీ కారణం. గుడి గర్భాలయం దగ్గర మనల్ని ఆపారని మనం బాధపడుతుంటే, మమ్మల్ని వీధి మొదట్లోనే ఆపారని దళిత స్త్రీలు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఏం జరుగుతుందో చూడమని పనిపిల్లని ముందు పంపిన జూడిత్ ఎక్కడో దూరదేశంలో లేదు. ఈ మాట అన్నప్పుడు వదినగారు చాలాసేపు నది వైపు చూస్తూ ఉండిపోయారు. నేనూ రెట్టించలేదు.

ఆపినచోట ఆగిపోకుండా డర్హం ప్రాంతపు ఆడవాళ్ళు ఇంకో దారి వెతుక్కున్నారని కూడా చెప్పాలి. అదే నది మీద కొన్ని మైళ్ళ దిగువన ఫింకేల్ అనే చోట గాడ్రిక్ అనే ఏకాంతవాసి 1170లో చనిపోయాడు. ఆయన సమాధి దగ్గర జబ్బులు నయమయ్యాయని నమోదైనవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. అనుమతి ఉన్నచోటికి వెళ్ళి తమ పని తాము చూసుకున్నారు. ఇది ఓటమి అనలేను, గెలుపనీ అనలేను. మూసిన తలుపు ముందు నిలబడి కొట్టేవాళ్ళూ, పక్కసందులోంచి వెళ్ళేవాళ్ళూ ఎప్పుడూ ఇద్దరూ ఉంటారు. బతుకు ఇద్దరితోనూ నడిచింది.

కెథడ్రల్‌లోనే పడమటి కొసన గలిలీ చాపెల్ ఉంది. 1170లలో బిషప్ హ్యూ కట్టించాడు. అది మేరీమాత పేరున్న మందిరం. తూర్పున కడదామంటే గోడలు పగుళ్ళిచ్చాయట, అది కత్‌బర్ట్ కోపమేనట, అందుకని ఆయన సమాధికి వీలైనంత దూరంగా ఈ కొసన కట్టారట. ఇక్కడ కూడా అన్నీ 'ట'లే. నేల గట్టిది కాకపోవడం పగుళ్ళకి చాలు. తల్లి పేరున్న గుడి కూడా ఆయనకి పడలేదని చెప్పిన ఆ బిషప్‌కి కొడుకులున్న సంగతి చరిత్రలో ఉంది. ఆ చాపెల్ దాకా ఆడవాళ్ళు రావచ్చు. సన్నటి స్తంభాలతో, పెద్ద వెలుతురుతో, ఆ భవనమంతటిలో నాకు నచ్చిన చోటు అదే. బీడ్ అస్థికలని 1370లో తెచ్చి అక్కడ పెట్టారు. కత్‌బర్ట్‌కి ఎంతమంది స్త్రీలతో స్నేహముందో రాసిన మనిషి ఆడవాళ్ళకి వదిలిన భాగంలోనే పడుకుని ఉన్నాడు. సాక్ష్యం మనవైపే ఉంది. చదవడం, రాయడం మన చేతికి రావడానికే ఆలస్యమైంది.

ఆ గీత బలం ఎలా పోయింది? ఆడవాళ్ళు పోరాడి చెరిపింది కాదు. ఎనిమిదో హెన్రీ మఠాలని రద్దుచేసినప్పుడు, 1539 చివరి రోజున డర్హం మఠం కూడా మూతపడింది. సన్యాసులు పోయారు, పెళ్ళి చేసుకునే మతగురువులు వచ్చారు. 1083లో భార్యల్ని బయటికి పంపిన చోటికి 16వ శతాబ్దంలో భార్యలు తిరిగొచ్చారు. పాత మఠం మీద బెంగతో 1593లో ఎవరో రాసిన ఒక పుస్తకంలో ఈ గీత వర్ణన ఉంది. డీన్ విటింగాం భార్య కాథరిన్ కత్‌బర్ట్ జెండాని తన పొయ్యిలో తగలబెట్టిందనీ, తీర్థజలం పోసే రాతితొట్లు ఆ డీన్ వంటింట్లో మాంసం, ఉప్పుచేపలు నానబెట్టడానికి పనికొచ్చాయనీ ఆ పుస్తకమే ఆరోపిస్తుంది. మగవాళ్ళు మగవాళ్ళ మీద చేసిన పెద్ద కూల్చివేతలో గుర్తుంచుకోవడానికి మళ్ళీ ఒక ఆడదాని పొయ్యే దొరికింది.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇక్కడే. ఆ గీతకి కాలం చెల్లింది, అంతే. మేం ఆయన నోట మా మాట పెట్టామని ఎవరూ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండా వదిలేసిన గీతలు పూర్తిగా పోవు, జరుగుతూ ఉంటాయి. గర్భగుడి దగ్గరకి వెళ్ళొచ్చు, కానీ ప్రార్థన జరిపించకూడదు. జరిపించొచ్చు, కానీ బిషప్ కాకూడదు. ఇంగ్లండు చర్చిలో స్త్రీలు మొదటిసారి ప్రీస్టులయింది 1994లో. డర్హం కెథడ్రల్ గాయకబృందంలోకి ఆడపిల్లలు వచ్చింది 2009లో. ఆ చర్చికి మొదటి మహిళా బిషప్ 2015లో వచ్చింది. 2025 అక్టోబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి సారా ములాలీ పేరు ప్రకటించారు, ఆ పీఠానికి ఎంపికైన మొదటి స్త్రీ ఆమె. అయినా స్త్రీల గురుత్వాన్ని ఒప్పుకోని పారిష్‌లు తమకి వేరే బిషప్ కావాలని కోరుకునే వెసులుబాటు అక్కడ ఇంకా ఉంది. గీత జరిగి జరిగి అక్కడ ఆగింది.

ఈ వరసలో మన ఊరొకటి ముందుందని చాలామందికి తెలీదు. దక్షిణ ఇండియా చర్చిలో నంద్యాల డయోసిస్‌కి 2013లోనే పుష్పలలిత బిషప్ అయింది. ఇంగ్లండు చర్చి తన మొదటి మహిళా బిషప్‌ని చూడటానికి ఇంకా ఏడాది పైన పట్టింది. మతాన్ని తెచ్చిన దేశం కంటే, తీసుకున్న రాయలసీమ ముందుగా ఆ గీత దాటింది. వెనకబడినవాళ్ళు ఎవరో, దారి చూపేవాళ్ళు ఎవరో ముందే రాసిపెట్టి ఉండదు.

సాయంత్రం తిరిగి వెళ్ళేముందు మళ్ళీ లోపలికి వచ్చాం. ఆ పూట ప్రార్థనలో పాడుతున్నది ఆడపిల్లలు. గీత దగ్గర వదినగారు ఒక్క క్షణం ఆగారు. "కాళ్ళు పీకుతున్నాయి, ముందుకెళ్ళి కూర్చుని విందాం పదండి" అని నాకంటే ముందు నడిచారు. అది నమ్మకం మారడమో, మోకాళ్ళ నొప్పో నేను అడగలేదు. ఆవిడ కారణాన్ని నేను రాసిపెడితే అది కూడా ఇంకొకరి నోట నా మాట పెట్టడమే.

గీతని తీసేయాలా అని అడిగితే, ఉండనివ్వాలనే అంటాను. నేల సాపు చేసేస్తే, అసలిక్కడ ఏమీ జరగలేదని రేపు ఎవరైనా అంటారు. అయితే దాని గురించి 'సెయింట్ కత్‌బర్ట్‌కి ఆడవాళ్ళంటే గిట్టదట' అని చిరునవ్వుతో చెప్పే మాట మాత్రం మారాలి. ఆయనకి ఆ నింద మోయించి తొమ్మిది వందల ఏళ్ళు దాటింది. స్త్రీలకి జరిగిన అన్యాయంలో ఆ పురుషుడికి కూడా అన్యాయం జరిగింది. అమ్మా అని పిలిచిన ఆమె, వైద్యం అడిగిన ఆమె, బట్ట ఇచ్చిన ఆమె, అందరూ ఆయన జీవితంలోంచి తుడిచిపెట్టుకుపోయారు. 1083 తర్వాత ఇక్కడికొచ్చిన సన్యాసులు, తమ అధికారం నిలుపుకోవడానికి, ఆయన పేరు వాడుకుని ఈ నిషేధం పెట్టారు అని చెప్పాలి. ఏడాది, కర్త, కర్మ, క్రియ ఉన్న వాక్యం అది. 'ట' ఉండదు.

మన గుమ్మాల దగ్గర కూడా ఇలాంటి వాక్యాలు రాయవలసినవి చాలా ఉన్నాయి. గుళ్ళోకి వెళ్ళాలా వద్దా, ఏ పూజ చేయాలి, ఏ నోము మానాలి అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకునే సంగతి. నాకు ఎటూ నమ్మకం లేదు, అయినా వెళ్ళాలనుకునే ఆడవాళ్ళ పక్కన నిలబడతాను. వెళ్ళదలచుకోని వాళ్ళతోనూ కూర్చుని మాట్లాడతాను. అందరం కలిసి చేయగలిగిన పని ఒకటుంది. ఫలానాది కూడదట అని ఎవరైనా అన్నప్పుడు, మర్యాదగానే, ఎవరన్నారండీ అని అడగడం. ఎవరో పెద్దలు అంటే, ఏ పెద్దలు, ఏ ఏడు అని అడగడం. జవాబు దొరకని చోట, ఆ పెద్దల పక్కన ఉన్న ఆడవాళ్ళు ఏమన్నారో వెతకడం. వాళ్ళ పేర్లు ఏదో బట్ట అంచున కుట్టి, ఏదో పెట్టె అడుగున ఉండే ఉంటాయి.